మైక్రో ఫోర్ థర్డ్స్‌కు ఇంకా ఏ లెన్సులు కావాలి?

వెలుగుగీత:
చిన్న సెన్సార్, మార్చుకోదగ్గ లెన్సులు ఉండే కెమెరాల కోసం మైక్రో ఫోర్ థర్డ్స్ వ్యవస్థను ఒలింపస్, పానసోనిక్ సంస్థలు 2008లో ప్రకటించాయి. నాటి నుంచి ఈ మౌంట్‌కు (కెమెరాకు లెన్సు తగిలించే అమరికకు) వచ్చిన లెన్సుల పట్టిక చూస్తే, ఖాళీ ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలన్నంత నిండుగా కనిపిస్తుంది. 7 మి.మీ. జూమ్ మొదలుకొని 400 మి.మీ. దాటిన టెలిఫోటో దాకా ఎవరో ఒకరు ఏదో ఒకటి తయారు చేసి పెట్టారు. అయినా సంచి సర్దుకునే వేళకు ఏదో ఒక లెన్సు లేదనే అనిపిస్తుంది.

నా దృష్టిలో లోటు ఫోకల్ లెంగ్త్‌లలో (దృశ్యం ఎంత వెడల్పుగా, ఎంత దగ్గరగా కనిపిస్తుందో తేల్చే మి.మీ. కొలతలలో) లేదు. చిన్న పరిమాణం, తగినంత పెద్ద అపర్చర్ (వెలుతురు చొరబడే ద్వారం; ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే అది అంత పెద్దది), తేమ, దుమ్ము చొరబడని నిర్మాణం అనే మూడూ ఒకే లెన్సులో కుదరకపోవడంలోనే ఉంది. పోర్ట్రెయిట్ లెన్సునే తీసుకోండి. ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్/1.8 బరువు 116 గ్రాములే, కానీ చినుకు పడితే దానిని లోపల పెట్టేయాలి. అదే సంస్థ 45 మి.మీ. ఎఫ్/1.2 వానకు తట్టుకుంటుంది, కానీ 410 గ్రాములు. ఈ రెండింటి నడుమ 200 గ్రాముల చుట్టూ ఉండే, వానలో వాడదగిన లెన్సు వారి నుంచి లేదు. సిగ్మా 56 మి.మీ. ఎఫ్/1.4 కొంత దగ్గరకు వస్తుంది గాని, దానిలో రక్షణ మౌంట్ దగ్గరి రబ్బరు వలయం వరకే. 2021లో ఒలింపస్ వరుసలో వచ్చిన 20 మి.మీ. ఎఫ్/1.4 ప్రో 247 గ్రాములకే ఈ మూడు గుణాలనూ కలిపి చూపించింది. ఆ కొలతలతోనే 12 మి.మీ. ఒకటి, 45 మి.మీ. ఒకటి ఎందుకు రాకూడదన్నది నా ప్రశ్న.

మీకు ఏ లెన్సు లోటుగా ఉందో, దాని బదులు ఇప్పుడు దేనితో నెట్టుకొస్తున్నారో రాయగలరు. ధరల ప్రస్తావన, ఏ కెమెరా గొప్పదన్న వాదన ఈ చర్చలో వద్దని మనవి.

చిరుసంచి:
మంచి చర్చ మొదలుపెట్టారు. నా ఓటు పలుచని లెన్సులకే.

పానసోనిక్ 20 మి.మీ. ఎఫ్/1.7 లెన్సు 2009లో వచ్చింది. ఈ వ్యవస్థకు జనం ఆకర్షితులు కావడానికి కారణాలలో అదొకటి అనడం అతిశయోక్తి కాదు. 100 గ్రాముల బరువుతో, కోటు జేబులో పట్టేటంత పలుచగా ఉండి, నేటికీ పదునైన చిత్రాన్నే ఇస్తుంది. 2013లో వచ్చిన రెండవ రూపం 87 గ్రాములకు తగ్గిందే తప్ప, లోపలి గాజు అమరిక మారలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఫోకస్ చేసేటప్పుడు లోపలి ఒక చిన్న గాజును మాత్రమే కాక లెన్సు గుంపు మొత్తాన్ని ముందుకు వెనుకకు జరపవలసి వస్తుంది కాబట్టి, మోటారు గిర్రుమని శబ్దం చేస్తుంది, మసక వెలుతురులో తడబడుతుంది, కదిలే వస్తువును వెంబడించే నిరంతర ఫోకస్ పద్ధతిలో అసలే పనిచేయదు. నడిచి వస్తున్న పసిపిల్లవాడిని తీయాలంటే వాడు ఎక్కడ అడుగు వేస్తాడో ఊహించి ముందే అక్కడ ఫోకస్ పెట్టుకుని కాచుకోవాలి.

ఇదే మందంలో కొత్త మోటారుతో, మౌంట్ దగ్గర ఒక రబ్బరు వలయంతో 18 మి.మీ. గాని 20 మి.మీ. గాని చేస్తే చాలు. అపర్చర్ ఎఫ్/2 కు తగ్గినా నాకు అభ్యంతరం లేదు. పానసోనిక్ 14 మి.మీ. ఎఫ్/2.5 కేవలం 55 గ్రాములు. అంత తేలికగా చేయగలిగిన చేతులకు ఇది కష్టం కాదు.

వెలుగుగీత:
చిరుసంచి గారూ, 2025 ఫిబ్రవరిలో ఓఎం సిస్టమ్ (ఒలింపస్ కెమెరాలకు ఇప్పటి పేరు) వారు 17 మి.మీ., 25 మి.మీ. ఎఫ్/1.8 లెన్సులను తేమ రక్షణతో మళ్ళీ విడుదల చేశారు. అవి పలుచని లెన్సులు కావు గాని, మీరు కోరిన దిశలో వేసిన అడుగే. అదే వరుసలోని 45 మి.మీ., 75 మి.మీ. ఎఫ్/1.8 లెన్సులకు మాత్రం ఆ భాగ్యం కలగలేదు. 2012 నాటి 75 మి.మీ. లెన్సుది ఈ వ్యవస్థలోని అత్యుత్తమ గాజులలో ఒకటన్న పేరు. లోహపు తొడుగు అంత చక్కగా అమర్చి, నీటి చుక్కను ఆపే వలయం పెట్టకపోవడం నాకు ఎప్పటికీ వింతగానే ఉంటుంది.

పిట్టలబాట:
పక్షులను తీసేవారి వైపు నుంచి ఒక మాట. మా వాళ్ళలో చాలామంది ఈ వ్యవస్థలోకి వచ్చింది బరువు తగ్గుతుందన్న ఆశతోనే. సెన్సార్ చిన్నది కాబట్టి 300 మి.మీ. లెన్సు, పెద్ద సెన్సార్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 600 మి.మీ. ఇచ్చే దృశ్యకోణాన్నే ఇస్తుంది.

అయితే ఉన్న ఎంపికలు చూడండి. ఒలింపస్ 75-300 బరువు 423 గ్రాములు, కానీ చివరి కొసలో అపర్చర్ ఎఫ్/6.7 కు పడిపోతుంది, తేమ రక్షణ లేదు. అక్కడి నుంచి మెట్టు ఎక్కితే పానసోనిక్ లైకా 100-400 దాదాపు కిలో. ఇక ఒలింపస్ 300 మి.మీ. ఎఫ్/4 ప్రో, ట్రైపాడ్ పట్టీ తీసేసి తూచినా 1,270 గ్రాములు. 2024లో వచ్చిన 150-600 అయితే రెండు కిలోల పైమాటే. దానిని మోస్తూ మనది చిన్న వ్యవస్థ అని చెప్పుకోవడానికి కొంత ధైర్యం కావాలి.

నాకు కావలసింది 300 మి.మీ. ఎఫ్/5.6 స్థిర లెన్సు. బరువు 600 గ్రాములకు అటూ ఇటూ ఉండి, వానకు తట్టుకుంటే చాలు. పొద్దున్నే గట్టు వెంబడి నడుస్తూ మెడలో వేలాడదీసుకోదగ్గ అలాంటి స్థిర టెలిఫోటో ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆ పాత 75-300 తోనే నెట్టుకొస్తున్నాను. మబ్బు పడితే మాత్రం దానిని తీయబుద్ధి కాదు.

గాజుగణితం:
పిట్టలబాట గారి కోరిక న్యాయమైనదే గాని, దాని వెనుకనున్న లెక్క తెలిస్తే ఏది అడగాలో ఇంకా స్పష్టమవుతుంది.

సెన్సార్ చిన్నదైతే లెన్సు కూడా అంతే చిన్నదవుతుందన్న నమ్మకం వైడ్ యాంగిల్ లెన్సుల విషయంలో చాలావరకు నిజం, టెలిఫోటోల విషయంలో కాదు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వచ్చేది లెన్సులోకి వెలుతురు చొరబడే ద్వారపు వ్యాసం. 300 ను 4 తో భాగిస్తే 75 మి.మీ.; కాబట్టి వెనుక ఉన్నది ఏ సెన్సారైనా, ముందు గాజు అంతకన్నా చిన్నదిగా ఉండే వీలు లేదు. మనకు కలిసివచ్చేది ఒకే దృశ్యకోణానికి తక్కువ ఫోకల్ లెంగ్త్ సరిపోవడం వల్లనే గాని, సెన్సార్ చిన్నదైనందున గాజు దానంతట అదే చిక్కిపోవడం వల్ల కాదు. మీరు కోరిన ఎఫ్/5.6 కు ఆ వ్యాసం 54 మి.మీ. లోపే ఉంటుంది. ఆ విస్తీర్ణం ఎఫ్/4 లెన్సు ముందు గాజులో సుమారు సగం, కాబట్టి 600 గ్రాములన్నది గొంతెమ్మ కోరికేమీ కాదు.

అసలు ఆశ్చర్యం మరొకటి ఉంది. నికాన్ సంస్థ 2015లో ఫుల్ ఫ్రేమ్ కెమెరాల కోసం 300 మి.మీ. ఎఫ్/4 పీఎఫ్ లెన్సు తెచ్చింది. దాని బరువు 755 గ్రాములు. మన 300 మి.మీ. ఎఫ్/4 కన్నా అర కిలో తేలిక, అదీ మనకన్నా నాలుగు రెట్ల విస్తీర్ణమున్న సెన్సార్‌ను నింపుతూ! ఇందులోని కిటుకు ఫేజ్ ఫ్రెనెల్ గాజు. దాని ఉపరితలం మీద అతి సన్నని వలయాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. అవి వెలుతురును వివర్తనం చేసి (అంచుల దగ్గర వంచి), మామూలు గాజులకు వ్యతిరేక దిశలో రంగులను విడదీస్తాయి. దానితో రంగుల దోషం సరిపోయి, ఎక్కువ గాజులు పెట్టవలసిన అవసరం తగ్గుతుంది, లెన్సు పొట్టిదవుతుంది. సూర్యుడు గాని ఘాటైన దీపం గాని చట్రంలో పడితే దాని చుట్టూ రంగుల వలయం కనిపించడం ఈ పద్ధతికున్న లోపం. పక్షులను తీసేవారికి అది అరుదుగా ఎదురయ్యే ఇబ్బందే.

కాబట్టి నా కోరిక 300 మి.మీ. ఎఫ్/5.6 కాదు. ఈ రకపు గాజుతో చేసిన, 800 గ్రాముల లోపు 300 మి.మీ. ఎఫ్/4. అపర్చర్ తగ్గించడానికి నేను వెనుకాడేది ఇందుకే: 20 మెగాపిక్సెల్ మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 3.3 మైక్రాన్లు. ఎఫ్/5.6 దగ్గర వివర్తనం వల్ల ఏర్పడే వెలుగు చుక్క వ్యాసం ఆకుపచ్చ కాంతికి దాదాపు 7.5 మైక్రాన్లు ఉంటుంది. ఎఫ్/6.7 కు అది 9 కి చేరుతుంది. ఈకల నూలుపోగులు వేరువేరుగా కనిపించాలంటే ఎఫ్/5.6 ఆవలికి వెళ్ళనవసరం లేని లెన్సు కావాలి, దాని మీద టెలికన్వర్టర్ (లెన్సుకు, కెమెరాకు మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచే గాజు) తగిలించినా కొంత మిగులు ఉండాలి.

పిట్టలబాట:
నికాన్ లెన్సుతో పోలిక కళ్ళు తెరిపించేలా ఉంది. అయినా ఒక సందేహం. ఆ గాజు తయారీ అందరికీ సాధ్యమా? అది కాకపోతే నేను ఎఫ్/5.6 తోనే సంతోషిస్తాను. మీ లెన్సు వచ్చేవరకు ఎదురుచూసే ఓపిక నా భుజానికి ఉండాలి కదా.

గాజుగణితం:
అలాంటి గాజును కానన్ సంస్థ కూడా వేరే పేరుతో ఏనాటి నుంచో వాడుతోంది కనుక అది ఒక్కరి సొత్తేమీ కాదు. వ్యాపార దృష్టిలో వారికి గిట్టుబాటవుతుందా అన్నది వేరే విషయం.

నిలువుగీత:
కట్టడాలను తీసేవాడిగా నాకు కావలసిన లెన్సును ఇంతవరకు ఎవరూ పేర్కొనలేదు, అదే షిఫ్ట్ లెన్సు. ఎత్తయిన కట్టడం ముందు నిలబడి కెమెరాను పైకెత్తితే స్తంభాలన్నీ పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలిపోతాయి. షిఫ్ట్ లెన్సులో కెమెరాను నిట్టనిలువుగా ఉంచి, లెన్సును మాత్రం పైకి జరిపితే గీతలు నిలువుగానే నిలుస్తాయి. వెలుపల ఎన్నో వ్యవస్థలకు ఉన్న ఈ సౌకర్యం వైడ్ యాంగిల్‌లో మన మౌంట్‌కు ఒలింపస్, పానసోనిక్ సంస్థల నుంచి ఇప్పటికీ రాలేదు.

అడాప్టర్ మీద ఫుల్ ఫ్రేమ్ లెన్సు వాడవచ్చు నిజమే. కానీ 2009లో వచ్చిన కానన్ టీఎస్-ఈ 17 మి.మీ. ఎఫ్/4 లాంటి అసాధారణ వైడ్ లెన్సు కూడా మన సెన్సార్ మీద ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 34 మి.మీ. కోణానికి కుదించుకుపోతుంది, పైగా దాని బరువు 820 గ్రాములు. నేను ఉన్న చోటి నుంచి వెనుకకు జరగడానికి గోడ అడ్డం వచ్చే సందర్భాలలోనే ఈ లెన్సు అవసరం. అక్కడ 34 మి.మీ. కోణంతో చేయగలిగింది తక్కువ.

ఒకేలెన్సు:
నిలువుగీత గారూ, ఈ పని కంప్యూటర్ మీద రెండు నిమిషాలలో అయిపోతుంది కదా? ఒలింపస్ కెమెరాలలో అయితే కెమెరాలోనే వాలిన గీతలను నిలబెట్టే కీస్టోన్ సవరణ ఉంది. నా మటుకు 12-100 ఎఫ్/4 ఒక్కటీ ఉంటే ఇంకే లెన్సూ అవసరం లేదు. 561 గ్రాములలో కూడలి నుంచి కొండకొమ్ము దాకా అన్నీ వచ్చేస్తాయి. లోటు ఉన్నది లెన్సులలో కాదు, చేతిలో ఇమిడే కొత్త కెమెరాలలో.

వెలుగుగీత:
కెమెరాల లోటు నేనూ ఒప్పుకుంటాను గాని, ఆ చర్చకు మరో దారం మొదలుపెట్టండి. ఇక్కడ లెన్సుల దగ్గరే నిలబడదాం.

నిలువుగీత:
ఒకేలెన్సు గారికి సమాధానం. కంప్యూటర్‌లో గీతలను నిలువు చేయడమంటే చిత్రపు పైభాగాన్ని పక్కలకు సాగదీయడమే. సాగిన చోట లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. గోపురం శిఖరం మీద శిల్పాల ముక్కూ చెవీ ఎక్కడైతే స్పష్టంగా కావాలో, సరిగ్గా అక్కడే పిక్సెళ్ళు పలచబడతాయి. పై రెండు మూలలు కోతకు పోతాయి. తీసేటప్పుడు ఎంత పోతుందో అంచనా వేసుకుని ముందే వదులుగా చట్రం కట్టుకోవాలి. 45 మెగాపిక్సెళ్ళు ఉన్నవారికి ఇది లెక్కలోకి రాకపోవచ్చు, 20 ఉన్న మనకు వస్తుంది.

ఇది తయారు చేయడం అసాధ్యమేమీ కాదని చూపడానికి నేనొక లెక్క వేశాను. మన సెన్సార్ 17.3 మి.మీ. వెడల్పు, 13 మి.మీ. ఎత్తు. మనకన్నా కొంత పెద్దదైన ఏపీఎస్-సీ సెన్సార్‌ను నింపడానికి చేసిన లెన్సు సుమారు 28 మి.మీ. వ్యాసమున్న దృశ్యవృత్తాన్ని వేస్తుంది. ఆ వృత్తంలో మన సెన్సార్‌ను అడ్డంగా ఉంచి పైకి జరిపితే, మూలలు నల్లబడకుండా దాదాపు 4.5 మి.మీ. జరపవచ్చు. అంటే చట్రం ఎత్తులో మూడవ వంతుకు మించి! ఫుల్ ఫ్రేమ్ షిఫ్ట్ లెన్సులు ఇచ్చేది 12 మి.మీ., అది వాటి చట్రపు ఎత్తులో సగం. మూడవ వంతు దొరికినా నా పనిలో తొంభై పాళ్ళు నెరవేరుతుంది. కాబట్టి ఏపీఎస్-సీ కోసం గీసిన 9 గాని 10 గాని మి.మీ. గాజును తీసుకుని, జారే పట్టాల మీద ఎక్కించి, మన మౌంట్ తగిలిస్తే చాలు. చేతితోనే ఫోకస్ చేసుకుంటాను. ట్రైపాడ్ మీద నిలబెట్టి తీసేవాడికి ఆటో ఫోకస్‌తో పనేముంది?

గాజుగణితం:
లెక్క సరిగానే ఉంది. ఒక చిన్న మాట కలుపుతాను. వృత్తపు అంచు దాకా వాడతారు కాబట్టి ఆ అంచులలోనూ పదును నిలిచే గాజు కావాలి. ఏపీఎస్-సీ లెన్సులలో మూలలు మెత్తబడే అలవాటున్నవి ఈ పనికి రావు.

తారాపథం:
రాత్రి ఆకాశం తీసేవారి తరఫున క్లుప్తంగా. చుక్కల విషయంలో ముఖ్యమైనది ఎఫ్ సంఖ్య ఒక్కటే కాదు, గాజుగణితం గారు చెప్పిన ద్వారపు వ్యాసం కూడా. పానసోనిక్ లైకా 9 మి.మీ. ఎఫ్/1.7 లెన్సు 130 గ్రాములకు అద్భుతమే గాని, ఆ వ్యాసం 5.3 మి.మీ. మాత్రమే. ఫోక్ట్‌లెండర్ 10.5 మి.మీ. ఎఫ్/0.95 లో 11 మి.మీ. వస్తుంది, కానీ పూర్తిగా తెరిచి వాడితే మూలల్లోని చుక్కలకు రెక్కలు మొలుస్తాయి. 10 మి.మీ. ఎఫ్/1.2, మూలల్లో చుక్క చుక్కగానే మిగిలేలా చేసి ఇస్తే 500 గ్రాములైనా మోస్తాను.

కదిలేబొమ్మ:
వీడియో వారి కష్టం వేరు. పానసోనిక్ 10-25, 25-50 ఎఫ్/1.7 జూములు రెండూ కలిస్తే నాకు కావలసినదంతా దాదాపు వచ్చినట్లే. రెండూ 650 నుంచి 700 గ్రాముల మధ్యవి కనుక గింబల్ (కెమెరాను కుదుపు లేకుండా నిలిపే పరికరం) మీద ఒకటి తీసి ఇంకొకటి పెట్టిన ప్రతిసారీ సమతూకం పెద్దగా చెడదు కూడా. లోటు ఏమిటంటే స్థిరమైన ఎఫ్/4 తో, మోటారుతో నిదానంగా జరిగే, పొడవు మారని చిన్న పవర్ జూమ్. 14-42 పవర్ జూములు రెండు సంస్థలూ చేశాయి గాని, జూమ్ చేసేకొద్దీ అపర్చర్ మారి వెలుతురు తగ్గుతుంది.

ఇంకో ఫిర్యాదు, ఇది లెన్సు లోటు కాకపోయినా లోటుతో సమానమే. ఒక సంస్థ లెన్సులోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు), ఇంకో సంస్థ కెమెరాలోని స్టెబిలైజేషన్‌తో చేయి కలపదు. పానసోనిక్ లైకా 15 మి.మీ. ఎఫ్/1.7 మీది అపర్చర్ వలయాన్ని ఒలింపస్ కెమెరా మీద తిప్పితే ఏమీ జరగదు. ఒకే మౌంట్ అని పట్టికలో 100 లెన్సులు చూపించినా, పూర్తిగా పనిచేసేవి లెక్కిస్తే ఆ పట్టిక కుంచించుకుపోతుంది.

తూనీగ:
పురుగులను తీసేవారికి మాక్రో లెన్సుల కొరత లేదని అందరూ అనుకుంటారు. ఒలింపస్ 60 మి.మీ. ఎఫ్/2.8 ఉంది, 185 గ్రాములు. 2023లో వచ్చిన 90 మి.మీ. ఎఫ్/3.5 ఉంది, దానితో రెండు రెట్ల పెంపు దొరుకుతుంది. అయితే నాకు కావలసింది పెంపు కాదు, దూరం.

60 మి.మీ. లెన్సుతో ఒకటికి ఒకటి పెంపు (వస్తువు అసలు పరిమాణంలోనే సెన్సార్ మీద పడడం) దగ్గర పురుగుకు, లెన్సు ముందు కొసకు మధ్య 9 సెంటీమీటర్లే ఉంటుంది. 90 మి.మీ. కొంటే ఆ దూరం బాగా పెరుగుతుందని అనుకుంటాం. కానీ ఆ లెన్సు పొడవే ఎక్కువ. అదే పెంపుకు అది సెన్సార్ నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ అవుతుంది, అందులో లెన్సు పొడవు, మౌంట్ మందం తీసేస్తే మిగిలేది 9.5 సెంటీమీటర్లు. అంటే అదనంగా దొరికింది అర సెంటీమీటరు! గడ్డిపోచ మీది తూనీగ మీద లెన్సు నీడ పడగానే అది తల ఇటు తిప్పుతుంది, మరో క్షణంలో పోచ ఒక్కటే ఊగుతూ మిగులుతుంది.

ఇప్పుడు 300 మి.మీ. ఎఫ్/4 ను మాక్రోలా వాడుతున్నాను. అది 1.4 మీటర్ల దగ్గర ఫోకస్ అయి 0.24 రెట్ల పెంపు ఇస్తుంది. అయిదు సెంటీమీటర్ల తూనీగ అప్పుడు సెన్సార్ మీద 12 మి.మీ. ఆక్రమిస్తుంది, అది చక్కటి చిత్రమే. కానీ ఆరు మి.మీ. ఉండే గెంతు సాలీడు ఒకటిన్నర మి.మీ. దగ్గరే ఆగిపోతుంది, దాని కళ్ళు లెక్కపెట్టడం కుదరదు. ఈ రెండు కొసల నడుమ 150 మి.మీ. ఎఫ్/4 మాక్రో ఒకటి ఉంటే, పాములను తీసేవారికి కూడా అది వరమే అవుతుంది.

గాజుగణితం:
తూనీగ గారూ, 90 మి.మీ. లెన్సు ఎంసీ-14, ఎంసీ-20 టెలికన్వర్టర్లను స్వీకరిస్తుంది. రెండు రెట్లు పెంచే ఎంసీ-20 తగిలిస్తే లెన్సు సగం పెంపు దగ్గర నిలిచినా చిత్రంలో ఒకటికి ఒకటి వస్తుంది. సగం పెంపుకు లెన్సు ఇంకా దూరంగానే ఫోకస్ అవుతుంది కాబట్టి మీరు కోరిన దూరం కొంతైనా దొరకాలి. ప్రయత్నించారా?

తూనీగ:
ప్రయత్నించాను. దూరం పెరిగిన మాట నిజమే, పురుగు బెదరడమూ తగ్గింది. కానీ ఎఫ్/3.5 కాస్తా ఎఫ్/7 అవుతుంది, దగ్గరి ఫోకస్ వల్ల తగ్గే వెలుతురు దాని మీద అదనం. మీరే చెప్పిన వివర్తనం లెక్క ప్రకారం పిక్సెల్ మీద పడే చుక్క ఈపాటికే వెడల్పయిపోయి ఉంటుంది. నీడపట్టున ఫ్లాష్ లేకుండా పని జరగదు. ఫ్లాష్ పెట్టి దానికి మెత్తటి తెర కడితే చేతిలో బరువు మళ్ళీ 300 మి.మీ. లెన్సు దగ్గరికే చేరుతుంది. కన్వర్టర్‌తో వచ్చే ఎఫ్/7 కన్నా, లోపలే గాజులు కదిలి ఫోకస్ అయ్యే, పొడవు మారని 150 మి.మీ. ఎఫ్/4 ఒక మెట్టుకు పైగా ఎక్కువ వెలుతురు ఇస్తుంది. 150 ని 4 తో భాగిస్తే 37.5 మి.మీ. కదా, ముందు గాజు మరీ పెద్దదేమీ కాదు. 600 గ్రాములలో చేయవచ్చని నా అంచనా.